మీ అమ్మకి చెప్పు

మూడో అంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాటులో, తడిసిన గోడకి వీపు ఆనించి నిలబడి, "ఈ గది ఎండాకాలంలో ఎంత చల్లగా ఉంటుందో మీరే చూస్తారు" అని కొత్తగా పెళ్ళైన ఒక జంటకి టపా చెబుతోంది. గోడ మీది తేమ మచ్చ ఆమె వీపు వెనక భద్రంగా ఉంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"టపా, మీ అమ్మకి చెప్పు, పాలు పొంగిపోతున్నాయని" అన్నాడు తండ్రి.

"నువ్వెక్కడున్నావు నాన్నా?"

"వంటింట్లో."

"అమ్మెక్కడుంది?"

"వెనక గదిలో బట్టలు మడతపెడుతోంది. తొందరగా చెప్పు తల్లీ, అంచుదాకా వచ్చేశాయి."

టపా ఆ జంటకి ఒక చిరునవ్వు విసిరి తల్లికి ఫోను చేసింది. "అమ్మా, పాలు" అంది. అవతల చెప్పులు టపటపలాడాయి, స్టవ్వు టక్కుమంది. ఆ తర్వాత తల్లి గుసగుసగా అంది. "మీ నాన్నకి చెప్పు, గుడ్లప్పగించి చూసేబదులు ఆ స్టవ్వు కట్టేస్తే చేతులేమైనా అరిగిపోతాయా అని."

టపా మళ్ళీ తండ్రికి చేసింది. "నాన్నా, నువ్వు సమయానికి చూశావు కాబట్టి సరిపోయిందిట. అమ్మ చెప్పమంది."

"మరి!" అన్నాడు తండ్రి తృప్తిగా.

ఇంతా చేస్తే వంటింటికీ వెనక గదికీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం. ఈ రాయబారం ముగిసేసరికి టపా గోడ దగ్గర్నుంచి నాలుగడుగులు ముందుకి వచ్చేసింది. కొత్త పెళ్ళాం తేమ మచ్చ చూసేసింది. కొత్త మొగుడు దాన్ని వేలితో గోకి చూశాడు. ఆ ఫ్లాటు అలా పోయింది.

ఆమెకి బళ్ళో రాయించిన పేరు వేరే ఏదో ఉంది. దాన్ని జీతం వచ్చినప్పుడు తప్ప ఎవరూ వాడరు. చిన్నప్పుడు మేనమామ ఒకసారి వచ్చి రెండ్రోజులుండి, ఆ ఇంటి తంతు కళ్ళారా చూసి, "ఇది పిల్ల కాదు, టపా" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. ఇళ్ళు అద్దెకి ఇప్పించే ఆఫీసులో చేరాక అక్కడా అదే పిలుపు. ఒక్కోసారి విసుగెత్తి, "నేను టపా కట్టేస్తే తప్ప ఈ డ్యూటీ దిగేలా లేను" అంటుంది గానీ, ఆ మాట కూడా ఎవరికైనా అందించాలేమోనని మళ్ళీ తనే నోరు మూసుకుంటుంది.

సంగతేమిటంటే, ఆ తల్లీ తండ్రీ ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఒకే ఇంట్లో కాపురం చేశారు గానీ ఒకే వేళలో చెయ్యలేదు. ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. తెల్లవారకముందు మొదటి బస్సు కదిలించడానికి వెళ్ళాలి, మధ్యాహ్నం ఇంటికి రావాలి, సాయంత్రం రద్దీ వేళకి మళ్ళీ వెళ్ళాలి. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. జీతంలో నాలుగు రాళ్ళు ఎక్కువొస్తాయని రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. పొద్దున ఆవిడ వచ్చేసరికి ఆయనుండడు. మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి ఆవిడ దుప్పటి ముసుగేసి నిద్రపోతూ ఉంటుంది. సాయంత్రం ఆవిడ లేచేసరికి మళ్ళీ ఆయనుండడు. ఇద్దరి సెలవులూ ఒకేరోజు కలిసిరావడం ఏడాదికి ఏ నాలుగుసార్లో. ఆ నాలుగింటిలో ఒకదాని ఫలితమే టపా.

ఫోనులో మాట్లాడుకోవచ్చుగా అంటారు. డిపోలో కంట్రోలరు బల్ల చుట్టూ డ్రైవర్లు చెవులు రిక్కించి నిలబడి ఉంటారు. వాళ్ళ ముందు పెళ్ళాంతో మాట్లాడిన కంట్రోలరు మాట మర్నాడు ఏ బస్సూ వినదు. వార్డులో ఫోను డాక్టర్లకి తప్ప ఇంకెవరికీ కాదు. అంచేత ఇంటికి కావలసిన మాటలన్నీ టపా మీదుగానే నడిచేవి. బళ్ళోంచి వచ్చిన పిల్ల సంచీ దింపకముందే తండ్రి "మీ అమ్మకి చెప్పు" అనేవాడు, ఆయన వెళ్ళాక నిద్రలేచిన తల్లి "మీ నాన్నకి చెప్పు" అనేది.

మొదట్లో పిల్ల బుద్ధిగా ఉన్నదున్నట్టే మోసేది. ఒకరోజు తల్లి, "మీ నాన్నకి చెప్పు, ఆ కంపు బూట్లు మంచం కింద పెడితే ఈసారి కిటికీలోంచి పారేస్తానని" అంది. రాత్రి తండ్రి ఇంటికొచ్చాక పిల్ల వెళ్ళి చూస్తే, ఆయన కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి కునికిపాట్లు పడుతున్నాడు. ఆ మొహం చూశాక ఆ మాట గొంతు దాటలేదు. "నాన్నా, నీ బూట్లు పాతబడ్డాయిట, కొత్తవి కొనుక్కోమంది అమ్మ" అంది. తండ్రికి కునుకు వదిలిపోయింది. "మీ అమ్మకి నా మీద ఎంత శ్రద్ధో చూశావా" అన్నాడు. కొత్త బూట్లొచ్చాయి, కంపు పోయింది, తల్లి కూడా సంతోషించింది. ఎనిమిదేళ్ళ పిల్లకి లోకం పట్టుబడిపోయింది.

అక్కణ్ణించి ఆమె ఆగలేదు. "అది టీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అన్న తండ్రి మాట తల్లి దగ్గరికి వెళ్ళేసరికి, "టీ బాగుందిట, ఇంకాస్త చిక్కగా ఉంటే ఇంకా బాగుంటుందిట" అయ్యేది. అసలు సంగతి చెక్కుచెదరదు, ముల్లు మాత్రం ఊడిపోతుంది. ఆ ఇంట్లో ఒక్కనాడూ పోట్లాట జరగలేదు. చుట్టాల్లో ఎవరి కాపురం బీటలువారినా, "ఆ ఇద్దర్నీ చూసి నేర్చుకోండి" అనేవాళ్ళు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. జరిగిన పెళ్ళి నిలవడానికి ఎన్ని ఆడాలో చెప్పలేదు. టపా ఆ పని నోరు నొప్పెట్టేదాకా చేసింది.

ఇక ఆ ఇద్దరూ ఒకే నెలలో రిటైరయ్యారు. "హమ్మయ్య, ఇప్పుడు హాయిగా కబుర్లు చెప్పుకుంటారు" అన్నారు అందరూ. మొదటి రోజు పొద్దున ఇద్దరూ హాల్లో ఎదురుబొదురుగా కూర్చున్నారు. బస్టాండులో పక్కపక్కన కూర్చున్న కొత్తవాళ్ళలా ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు. కాసేపటికి తండ్రి టపాని పక్కకి పిలిచి, "మీ అమ్మ ఇంకా డ్యూటీకి వెళ్ళలేదేం?" అన్నాడు.

రిటైరైంది ఉద్యోగాలే గానీ మనుషులు కాదు. తండ్రి డిపో వాళ్ళిచ్చిన ఈల మెళ్ళో వేసుకుని స్నానాల గదికి డ్యూటీ వేశాడు. లోపలికెళ్ళి ఎక్కువసేపుంటే బయట ఈల పడేది. సబ్బు మొహంతో టపా ఎన్నిసార్లు ఉలిక్కిపడిందో లెక్కలేదు. తల్లి పక్కబట్టలు మార్చే పని పెట్టుకుంది. రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం నర్సుల విద్య: మనిషిని ఒక పక్కకి దొర్లించి, సగం పరిచి, రెండో పక్కకి దొర్లించి, మిగతా సగం లాగేస్తారు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆవిడ ఒక్క మాటైనా లేకుండా వచ్చి ఆయన్ని అటు దొర్లించి ఇటు దొర్లించి పని ముగించుకుని వెళ్ళిపోయేది. ఆయన ఆవిణ్ణి ఏమీ అనేవాడు కాదు. మంచం మీంచే కూతురికి ఫోను చేసేవాడు. "టపా, మీ అమ్మకి చెప్పు, నేనింకా బతికే ఉన్నానని."

మంచం దగ్గర ఇంకో చిక్కు. ఇన్నేళ్ళూ మంచాన్ని వంతులవారీగా వాడుకోవడం వల్ల ఇద్దరికీ సరిగ్గా మధ్యలోనే పడుకునే అలవాటు. ఈ విషయంలో రెండువైపులనుంచీ వచ్చిన మాటల్ని కూతురిగా తను మొయ్యవలసి రావడం టపాకి ఏమంత బాగోలేదు.

ఇద్దరూ ఎదురుపడ్డా నేరుగా మాట్లాడుకునే వీలు తక్కువ. బస్సుల మోతలో తండ్రి చెవులు సగం పోయాయి. రాత్రి వార్డులో రోగులు లేవకూడదని అలవాటై తల్లికి గుసగుస తప్ప గొంతు లేదు. అందుకని ఆయన బాల్కనీ పుచ్చుకున్నాడు, ఆవిడ వంటిల్లు పుచ్చుకుంది, మధ్యలో హాల్లో టీవీ ఎవరికోసమో గట్టిగా వాగుతూ ఉండేది. టపా ఇంట్లో ఉంటే అటూ ఇటూ నడిచేది. ఆఫీసులో ఉంటే ఫోను.

ఇలా ఉండగా ఆఫీసు యజమాని ఆమెని పిలిచాడు. ఆయన పుస్తకాల బీరువానైనా, పెళ్ళికూతుర్నైనా చదరపు అడుగుల్లోనే చూస్తాడు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని చదరపడుగు అంటారు. "ఇంకో ఊళ్ళో బ్రాంచి తెరుస్తున్నాను. రైల్లో ఒక పూట ప్రయాణం. తేమ గోడ ముందు నిలబడి చల్లని గది అని చెప్పగల మనిషి కావాలి. నువ్వు తప్ప ఎవరూ లేరు. అక్కడ నువ్వే అన్నీ. వారంలోగా చెప్పు" అన్నాడు.

టపాకి ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, ఆ సంగతి పైకి అనడానికి భయమేసేంత కావాలి. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి, తన సొంత మాట ఒక్కటి గట్టిగా అన్న గుర్తు లేదు. తన పేరున్న తలుపు, తన తాళాల గుత్తి, తెల్లారి లేస్తే ఎవరికీ ఏదీ చేరవెయ్యక్కర్లేని ఇల్లు. తల్చుకుంటే ఒళ్ళు పులకరించింది. మరుక్షణమే, తను లేని ఇంట్లో ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు, పచ్చిగా, ముళ్ళతో సహా వినడం కళ్ళముందు కనిపించింది. తను వెళితే ఆ కాపురం నెల తిరక్కుండా పగులుతుంది. అందులో ఆమెకి ఏమాత్రం అనుమానం లేదు. పోనీ ఇంట్లో చెబుదామా అంటే, ఎవరికి ముందు చెప్పినా "మీ నాన్నకి చెప్పు" అనో "మీ అమ్మకి చెప్పు" అనో అంటారు.

చూద్దామని ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి ఫోను కట్టేసింది. ఆరోజు రెండు ఇళ్ళు అద్దెకి ఇప్పించింది కూడా. సాయంత్రం ఇంటి మెట్లెక్కుతుంటేనే మాడు వాసన. లోపల పొగ. స్టవ్వు మీద గిన్నె బొగ్గైపోయి ఉంది. గిన్నెకి ఒక పక్క తండ్రి, ఇంకో పక్క తల్లి, శవజాగారానికి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు.

"మీ అమ్మకి చెప్పిద్దామంటే నువ్వు ఫోనెత్తవు" అన్నాడు తండ్రి.

"నువ్వే కట్టెయ్యొచ్చుగా నాన్నా!"

"కంట్రోలరు స్టీరింగు ముట్టుకోకూడదు తల్లీ. అది రూలు. బస్సు గోడకి కొడుతున్నా సరే, డ్రైవర్ని పిలవాలి."

తల్లి వైపు తిరిగింది. ఆవిడ మెల్లిగా అంది. "వాసన నాకూ వచ్చింది. తొంగిచూస్తే ఆయన గిన్నె దగ్గర నిలబడి ఉన్నారు. డ్యూటీ ఆయన తీసుకున్నారనుకున్నాను. ఒకళ్ళకి అప్పగించిన పేషెంటు మీద ఇంకొకళ్ళు చెయ్యి వెయ్యరాదుగా."

టపా ఆ నల్లటి గిన్నె వైపు చూసింది. వీళ్ళకోసమా నేను బెంగపెట్టుకున్నది అనుకుంది. ఇక చాలు. ఇవాళ్టినుంచి మాటకి నెయ్యి రాసేది లేదు, చక్కెర అద్దేది లేదు. ఏం అంటే అదే మోస్తాను. కొంపే మునగనీ, నా కళ్ళముందే మునగనీ, అప్పుడు వెళ్ళాలో వద్దో నాకే తెలిసిపోతుంది.

ఆ అవకాశం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. గిన్నె తోముతూ ఉన్న తల్లి వంటింట్లో ఉండిపోయింది. తండ్రి బాల్కనీలోకి వెళ్ళి అక్కణ్ణించి చెయ్యి ఊపాడు. "మీ అమ్మకి చెప్పు. పాలు మాడబెట్టి ఆ నేరం నా నెత్తిన రుద్దితే ఊరుకోను. జనానికి సూదులు పొడిచి పొడిచి ఆవిడకి మనిషికీ దిండుకీ తేడా తెలీకుండా పోయింది."

టపా హాలు దాటి వంటింటి గుమ్మంలో నిలబడి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. దిండుతో సహా.

తల్లి చేతిలో పీచు ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"నాన్న. ఇప్పుడే."

"ఛ. మీ నాన్న అలా అనరు."

"అన్నాడమ్మా."

"ఇన్నేళ్ళలో ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. టీ నీళ్ళలా ఉంటే కూడా బాగుందనే మనిషి." తల్లి చెయ్యి తుడుచుకుని కూతురి నుదుటి మీద పెట్టి చూసింది. జ్వరం లేదు. ఆవిడ ఇంకా కంగారు పడినట్టు కనిపించింది. "సరే, మీ నాన్నకి చెప్పు, ఇంట్లో ఇంకోసారి ఆ ఈల ఊదితే దాన్ని మింగించి, తర్వాత కడుపు కడిగించి బయటికి తీయిస్తానని. నేను చూసిన మొండి రోగుల్లో ఆయనో లెక్కా?"

ఈ మాటా యథాతథంగా బాల్కనీకి చేరింది. తండ్రి మొదట పకపకా నవ్వాడు. తర్వాత కూతురి మొహం చూసి నవ్వు మానేశాడు. "మీ అమ్మ అన్నదా? నోట్లో నాలుక లేని మనిషి, అలా అంటుందా?"

"అంది నాన్నా. ఒట్టు."

"ఒట్లు పెట్టకు." ఆయన గొంతు తగ్గించాడు. ఆయన తగ్గిస్తే మామూలు మనుషుల గొంతంత అవుతుంది. "ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అన్నారా తల్లీ? మనసులో ఏదో పెట్టుకుని మా మీద చూపిస్తున్నావు."

యథార్థవాది లోకవిరోధి అంటారు గానీ, లోకం దాకా ఎందుకు, టపాకి బాల్కనీ దగ్గరే చుక్కెదురైంది. పాతికేళ్ళు అబద్ధాలు చెబితే దేవతలా చూశారు, ఒక్కసారి నిజం చెబితే నుదురు పట్టి చూస్తున్నారు. ఏడవాలో నవ్వాలో తెలీక ఆమె హాలు మధ్యలో నిలబడిపోయింది.

అప్పుడు ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని జరిగింది. తల్లి వంటింట్లోంచి తనంతట తానుగా వచ్చి, టీవీ కట్టేసి, కూతురి పక్కనుంచి నడిచి బాల్కనీలోకి వెళ్ళింది.

"ఏమండీ" అంది.

పై అధికారి తనిఖీకి వచ్చినట్టు తండ్రి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఏంటి?" అన్నాడు. ఆవిడ మళ్ళీ అంది. ఆయనకి మళ్ళీ వినపడలేదు. ఆవిడ దగ్గరకి జరిగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. "మనిషికీ దిండుకీ తేడా తెలీదన్నారట నన్ను. నిజమేనా?"

టపా హాల్లోంచే మెడ సాచి చూసింది. ఇంకేం, అయిపోయింది. ఇన్నేళ్ళూ పరువుగా నిలబెట్టిన కాపురం కాస్తా బాల్కనీలోంచి కిందికి పడబోతోంది. తండ్రి మెడ మీద చెమట పట్టడం ఆమెకి ఇక్కణ్ణించే కనిపిస్తోంది. ఆయన కూతురి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. భార్య మొహం అంత దగ్గరగా వెలుతురులో ఆయన చూసి చాలాకాలమై ఉంటుంది.

"నేనా?" అన్నాడు. "ఛఛ. నేనెందుకంటాను?"

ఎంత బాగా అన్నాడంటే, టపాయే ఒక్క క్షణం నమ్మింది.

"మరి నువ్వు" అన్నాడు ఆయన, "నాచేత ఈల మింగిస్తానన్నావట?"

"నేనా?" అంది తల్లి. "అయ్యో రామ. మీ ఈల లేకపోతే ఇల్లు బోసిపోదూ?"

ఇద్దరూ ఒకేసారి కూతురి వైపు తిరిగారు. ఇద్దరి కళ్ళల్లోనూ ఒకే బాధ, ఒకే జాలి. ఇంతకుముందు ఆ ఇద్దరి మొహాల్లో ఒకే భావం ఆమె ఎప్పుడూ చూడలేదు. "ఎందుకే ఇలా మాటలు పుట్టిస్తున్నావు?" అంది తల్లి. తండ్రి ఆమెని, తప్పతాగి బస్సు తీసిన డ్రైవరు వైపు చూసినట్టు చూశాడు.

టపా ఒళ్ళు మండిపోయింది. ఎదుట నిలబడి ఇద్దరూ పచ్చి అబద్ధం ఆడుతున్నారు, నింద మాత్రం తన మీద. తేలు కుట్టిన దొంగలు వాళ్ళు, నోరెత్తలేనిది తను. "మీరిద్దరూ అన్నారు! ఇద్దరూ అన్నారు!" అని అరిచి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మంచం మీద పడి కాసేపు ఏడ్చింది. ఏడుపు తగ్గాక గోడవతలనుంచి మాటలు వినిపించాయి. హాల్లో టీవీ లేదు. తండ్రి గొంతు, ఆ తర్వాత ఏమీ లేదు, మళ్ళీ తండ్రి గొంతు. ఆ మధ్య ఏమీ లేనిచోట తల్లి మాట్లాడుతోందన్నమాట.

"నీ పోలికే. నీవాళ్ళంతా మాట మీద మాట అల్లేవాళ్ళే." కాసేపు నిశ్శబ్దం. "ఆఁ? మావాళ్ళా? మావాళ్ళేం చేశారు?" మళ్ళీ నిశ్శబ్దం. తర్వాత తండ్రి గట్టిగా నవ్వాడు. "అది నిజమేలే!"

వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. తన గురించి, తన మీద చాడీలు, కానీ ఒకరితో ఒకరు. మధ్యలో ఎవరూ లేరు. టపా గోడకి చెవి ఆనించి ఆ సాయంత్రమంతా విన్నది. సంతోషమే కలిగింది. కుళ్ళు కూడా కలిగింది. ఇన్నేళ్ళూ తను ఎముకలు అరగదీసుకుని చేసిన పనిని వాళ్ళు ఒక్క పూటలో, ఏ శిక్షణా లేకుండా నేర్చేసుకున్నారు. అదీ తనని అబద్ధాలకోరుని చేసి. పన్ను పీకించుకున్నవాళ్ళు నాలుకతో ఆ ఖాళీని తడుముకున్నట్టు ఆమె మనసు అక్కడే తిరిగింది.

మర్నాడు చదరపడుగుతో సరేనంది. ఇంటికొచ్చి ఇద్దరినీ హాల్లో కూర్చోబెట్టి ఒకేసారి చెప్పింది. ఇద్దరూ ఆమె వైపు కాకుండా ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

"ఏమంటారు?" అంది తల్లి ఆయన చెవిలో.

"వెళ్ళనీ. కొన్నాళ్ళు దూరంగా ఉంటే ఈ మాటలు మార్చే జబ్బు తగ్గుతుందేమో" అన్నాడు ఆయన ఊరంతటికీ వినిపించేలా. తల్లి తలూపింది. రైలెక్కించడానికి ఇద్దరూ వచ్చారు. రైలు కదలాల్సిన వేళకి తండ్రి ఈల ఊదాడు గానీ, గార్డు పట్టించుకోలేదు.

కొత్త ఊళ్ళో బ్రాంచి అంటే ఒక షట్టరు గది. వర్షానికి కప్పు కారుతోంది. సరిగ్గా బల్ల మీదే కారుతోంది. తిరిగే కుర్చీ అని చదరపడుగు ఊరించి ఇచ్చిన కుర్చీ ఒక పక్కకే తిరిగి ఆగిపోతుంది. ఇల్లు కావాలని వచ్చిన పార్టీలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళు కూడా ఆఫీసు కప్పు వైపు చూసి, తనకే గతిలేని మనిషి మనకేం ఇల్లు చూపిస్తుందని వెళ్ళిపోయారు. అద్దెకి తీసుకున్న గదిలో పొద్దుటే ఎవరూ ఈల ఊదరు. అలవాటుకొద్దీ ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగింది. అది మోగలేదు. మొదట అమృతంలా ఉంది. తర్వాత రోజులు గడిచేకొద్దీ గుబులు పుట్టింది. బాగుందా, లేక ఇద్దరూ కలిసి ఏ గిన్నె పక్కనో పడి ఉన్నారా?

ఒక మధ్యాహ్నం, బల్ల మీద బకెట్టు పెడుతుండగా ఫోను మోగింది. తల్లి.

"ఎలా ఉన్నావే?"

టపా ఆగింది. మిగతా మాట కోసం ఎదురుచూసింది. మీ నాన్నకి చెప్పు, అని రావాలి. రాలేదు. తల్లి అవతల ఊరికే ఉంది, జవాబు కోసం. ఎలా ఉన్నావని ఆ ఇంట్లోంచి తనని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అని గుర్తు చేసుకుంది. గుర్తుకి రాలేదు. బాగానే ఉన్నానమ్మా అనడానికి నోరు తెరిచింది, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. కానీ ఇంకోటి బయటికొచ్చింది.

"ఏం బాలేదమ్మా. కప్పు కారుతోంది. కుర్చీ తిరగదు. ఒక్క పార్టీ కూడా నిలబడ్డంలేదు. వచ్చి తప్పు చేశానేమోనని రోజూ అనిపిస్తోంది. ఇక్కడ మాట్లాడేవాళ్ళే లేరు."

తల్లి ఫోను కాస్త దూరం పెట్టినట్టుంది, ఆవిడ అరుపు వినిపించింది. తన తల్లికి అంత గొంతుందని టపాకి అంతవరకూ తెలీదు.

"ఏమండీ! పిల్ల మహరాణిలా ఉందిట! ఆఫీసు బ్రహ్మాండంగా ఉందిట! పార్టీలు వరసకట్టి నిలబడ్డారుట!"

"నే చెప్పలా!" అన్నాడు ఎక్కణ్ణించో తండ్రి. ఆ వెనకే ఒక ఈల కూడా వినిపించింది.

తల్లి మళ్ళీ ఫోను దగ్గరికొచ్చింది. ఇప్పుడు మామూలు గుసగుసే. "ఉన్నదున్నట్టు చెబితే ఈ పూటే బస్సెక్కి అక్కడికొచ్చేస్తారు. వచ్చి నీ కస్టమర్లకి క్యూ కట్టిస్తారు. అదొకటా నీకు?"

"అమ్మా" అంది టపా, "నువ్వు అబద్ధమాడావు."

"అబద్ధాలు నీ ఒక్కదానికే వచ్చనుకున్నావా? ఇన్నేళ్ళు మీ నాన్న నన్ను మెచ్చుకుంటున్నారని నువ్వొచ్చి చెబుతుంటే, నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? ఆయన మొహం నాకు తెలీదూ? కానీ వినడానికి బాగుండేదే. డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆ మాట ఒకటి చెవిలో ఉంటే, తెల్లారేదాకా కాళ్ళు నొప్పెట్టేవి కావు."

బకెట్టులో చుక్క పడింది, ఇంకో చుక్క పడింది.

"సరే, ఆయన బాల్కనీలోకి వెళ్ళారు" అంది తల్లి. "ఇప్పుడు చెప్పు. కప్పు ఎక్కడ కారుతోంది? మొదట్నించీ చెప్పు, నాకేం తొందర్లేదు."

టపా కుర్చీని తడవని మూలకి లాక్కుని కూర్చుని, మొదట్నించీ చెప్పింది.